ఎత్తని చెయ్యి

మా నాన్న గణపతిరావు మేష్టారికి లెక్కలు తప్ప ఇంకో లోకం లేదు. ఆ మాట మా అమ్మ లక్ష్మీనరసమ్మ వచ్చిన చుట్టాలందరితోనూ నిష్ఠూరంగా చెప్పేది. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆయనకు తెలిసేది కాదు గానీ, వీధి అరుగు మీద కూర్చుని లెక్క చేస్తున్న పిల్లాడు ఎక్కడ తప్పుతాడో వాడు తప్పకముందే తెలిసిపోయేది. అలాంటి మనిషి దగ్గర్నుంచి లెక్కలు లాక్కున్నది ఎవడో పరాయివాడైతే నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని. ఈ కథ చెప్పేదాన్ని కాదు.

అరవై ఎనిమిదో సంవత్సరం వేసవి అది. బళ్ళలోకి కొత్త లెక్కలు వస్తున్నాయన్నారు. చుట్టుపక్కల బళ్ళలో లెక్కలు చెప్పే మేష్టర్లంతా సెలవుల్లో శిక్షణకు రావాలని, కొత్త లెక్కలు వచ్చినవాళ్ళకే పై తరగతులు ఇస్తారని, రానివాళ్ళను కింది తరగతులకు దించేస్తారని పై నుంచి కబురొచ్చింది. నేను అప్పటికి బి.ఇడి. ముగించి, నాన్న పనిచేసే హైస్కూల్లోనే చిన్న తరగతులకు లెక్కలు చెప్తున్నాను. శిక్షణకు నేనూ వెళ్ళాలి గానీ, నాకేం బెంగ లేదు. బెంగంతా నాన్నకే.

"లెక్కలు తీసేస్తే నేనేటి సెయ్యాలే తవిటమ్మా?" అన్నాడు ఓ రోజు బడి నుంచి వస్తూ. "పెన్షనొచ్చేదాకా పిల్లలకి రాజుల పేర్లు సెప్పుకుంటూ కూకోవాలా?"

"నీకు రాని లెక్కుంటాదేటి నాన్నా" అన్నాను. పైగా నేర్పడానికి వస్తున్నది ఎవరు? మా నరసింగరావు బావ.

బావ మా మేనత్త కొడుకు. మేనత్త పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. నాన్న పక్కన చాప మీద కూర్చుని ఎక్కాల దగ్గర్నుంచి జామెట్రీ దాకా నేర్చుకున్నాడు. విజయనగరంలో పెద్ద చదువు చదివి, అక్కడే కాలేజీలో లెక్చరరయ్యాడు. ముందటేడు పెద్ద శిక్షణకేదో వెళ్ళొచ్చి, ఈ ఏడు మా వైపు మేష్టర్లకు నేర్పడానికి మా హైస్కూలుకే వచ్చాడు. నన్ను అతనికే ఇవ్వాలని నేను ఉయ్యాల్లో ఉన్నప్పుడే అనుకున్నారు. శ్రావణంలో ముహూర్తం పెట్టుకుందామని కూడా అనేశారు. నాకూ ఇష్టమే. ఎందుకు దాచాలి, చాలా ఇష్టం.

మొదటిరోజు బావ ఓ చెక్కపెట్టెలోంచి టార్చిలైట్లు తీసి బల్ల మీద వరసగా నిలబెట్టాడు. వచ్చిన మేష్టర్లలో తలపండినవాళ్ళే ఎక్కువ. కోటబొమ్మాళి స్టేషన్లో దిగి, ఎండన పడి నడిచొచ్చిన చిరాకు అందరి మొహాల్లోనూ ఉంది.

"కలకత్తాలో గదంత యంత్రం ఒకటుందండి" అని మొదలెట్టాడు బావ. "కంప్యూటరంటారు దాన్ని. మనకు పది అంకెలు వచ్చు. దానికి రెండే వచ్చు, సున్నా, ఒకటి. దీపం వెలిగితే ఒకటి, ఆరితే సున్నా. ఆ రెంటితోనే మనందర్నీ మించి లెక్క కడుతుంది. రేపో మాపో మన పిల్లలు దాని ముందు కూర్చుంటారు. వాళ్ళకు నేర్పాల్సింది మనమే."

"బడికి కరెంటే లేదు బాబూ, కంప్యూటరొస్తాదేటి?" అన్నారు వెనక బెంచీ నుంచి నూకయ్య మేష్టారు. సముద్రం ఒడ్డున జాలరిపేట బడి ఆయనది. అందరూ ఘొల్లుమన్నారు.

బావ కూడా నవ్వాడు. "కరెంటు లేకపోతే చేతులున్నాయి కదా మేష్టారూ" అని ఐదుగుర్ని లేపి వరసగా నిలబెట్టాడు. ఒకరు ఒకటి, పక్కనాయన రెండు, ఆ పక్కన నాలుగు, ఎనిమిది, చివర్న మా నాన్న పదహారు. చెయ్యెత్తితే దీపం వెలిగినట్టు, దించితే ఆరినట్టు. బావ "పంతొమ్మిది" అన్నాడు. వాళ్ళలో వాళ్ళు గుసగుసలాడుకుని, ఒకటీ రెండూ చేతులెత్తారు. నాన్న ఇంకా ముందే ఎత్తేసి, మిగిలినవాళ్ళ కోసం చూస్తున్నాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకే ముచ్చటేసింది.

"అర్థమైందా అందరికీ?" అని అడిగాడు బావ. గదిలో చేతులన్నీ లేచాయి.

బావ ఓసారి అందర్నీ కలయజూసి, "ఎడం చేతులు చాలానే కనపడుతున్నాయండి" అన్నాడు.

అందరూ సిగ్గుపడి నవ్వేశారు. ఆ ఆట తెలియని బడి మా జిల్లాలో లేదు. ఇనస్పెక్టరు వచ్చిన రోజున పిల్లలందరూ చెయ్యెత్తాల్సిందే. జవాబు తెలిసినవాడు కుడిచెయ్యి, తెలియనివాడు ఎడంచెయ్యి. మేష్టారు కుడిచెయ్యి చూసి లేపుతారు. ఇనస్పెక్టరు క్లాసంతా చదువుల సరస్వతి అనుకుని వెళ్ళిపోతాడు.

"ఆ ఆట నేనూ ఆడాను. ఆడించినాయన ఇక్కడే ఉన్నారు" అని బావ నాన్నను చూసి నవ్వాడు. "కానీ ఈ గదిలో వద్దండి. తెలియకపోతే చెయ్యి దించే ఉంచండి. అదీ జవాబే. యంత్రంలో ఒక్క దీపం అబద్ధమాడినా లెక్క మొత్తం తప్పుతుంది. మీరు చెయ్యెత్తకపోతే నేను మళ్ళీ చెప్తాను, ఎన్నిసార్లైనా చెప్తాను. ఇందులో నామోషీ ఏముంది?"

నేను పొంగిపోయాను. ఇన్నేళ్ళూ మేష్టర్లు తెలియదన్న మాట నోటి దాకా రానివ్వకుండా బతికారు. వాళ్ళకు తెలియదనే హక్కు ఇచ్చినవాడు నా కాబోయే మొగుడు. ఇంతకంటే ఏం కావాలి?

అక్కణ్ణుంచి రోజులు బాగా నడిచాయి. మొదట నూకయ్య మేష్టారు చెయ్యి దించారు, తర్వాత ఒక్కొక్కరే దించడం నేర్చుకున్నారు. బావ విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు. నాన్నకైతే కొత్త పెళ్ళికొడుకు కళ వచ్చింది. ఇంటికొచ్చాక కూడా అమ్మనూ, నన్నూ, జీడిమామిడి పళ్ళు అమ్మడానికి వచ్చే దేముడమ్మనూ వరసగా నిలబెట్టి చేతులెత్తించేవాడు.

"నువ్వు నాలుగువే, సెయ్యి దించు" అని అమ్మను కసిరేవాడు.

"నేను నాలుగైతే మీరెంత? పొయ్యి మీద పులుసు మాడిపోతన్నాది" అని అమ్మ వెళ్ళిపోయేది.

ఒక్కచోట మాత్రం నాన్న బండి దిగబడింది. ఓ సాయంత్రం భోజనాల దగ్గర మొదలైంది ఆ గొడవ. అమ్మ ఆవపెట్టి పనసపొట్టు కూర చేసింది.

"'పొద్దు పడమట పొడిస్తే నేను మహారాజుని' అన్నాననుకో మావా" అన్నాడు బావ. "ఆ మాట నిజం కిందే లెక్క."

"పొద్దు పడమట పొడవదు కదరా."

"పొడవదు. అందుకే నిజం. మొదటి ముక్క అబద్ధమైతే, తర్వాత ఏటన్నా సరే, మొత్తం మాట నిజమే. యంత్రం అలాగే సూస్తాది."

నాన్న కలిపిన ముద్ద కంచంలో పెట్టేశాడు. "అబద్ధంతో మొదలెడితే ఏటన్నా సెల్లిపోతాదా? ముప్పయ్యేళ్ళు జామెట్రీ సెప్పాన్రా నేను."

"అది కాదు మావా. 'వాన రాకపోతే సంతకెళ్తాను' అన్నావు. వాన వచ్చింది. ఇంక నువ్వు ఎల్లినా ఎల్లకపోయినా మాట తప్పినట్టా?"

"తప్పినట్టు కాదు."

"మరి? తప్పలేదంటే నిజమే కదా."

నాన్న కంచంలో ముద్దను వేలితో అటూ ఇటూ కదిపాడు. "తప్పలేదంటే ఒప్పుకుంటాన్రా. నిజమంటే మాత్రం నా బుర్రకి దిగటం లేదు. తప్పనిదల్లా నిజమెలాగవుతాది?"

బావ నవ్వి, "తొందరేటి మావా. దిగేదాకా సెయ్యెత్తకు. నేను సెప్తానే ఉంటాను" అన్నాడు. అమ్మ ఇద్దరికీ మళ్ళీ కూర వడ్డించింది.

మిగతావన్నీ నాన్నకు కరతలామలకం. సున్నా ఒకట్లతో కూడికలు, తీసివేతలు, సమితులు, అన్నీ మా అందరికంటే ముందు పట్టేశాడు. రాని మేష్టర్లకు మధ్యాహ్నం పూట తనే చెప్పేవాడు కూడా. ఆ ఒక్క ముక్క దగ్గరే ప్రతిరోజూ చెయ్యి మోకాలి మీదే ఉంచేవాడు. బావ మళ్ళీ చెప్పేవాడు.

శిక్షణ ముగియబోతుండగా పై నుంచి ఓ ఆఫీసరు చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. ఆయనకు నచ్చితే జిల్లా మొత్తానికి ఈ శిక్షణ బావ చేతిలోనే పెడతారట. అమ్మ అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది. ఆఫీసరు రావడానికి ముందురోజు సాయంత్రం బావ ఏర్పాట్లు చూసొస్తానని బడికి వెళ్ళి, భోజనాల వేళకు వచ్చాడు. మామిడికాయ పప్పు బాగుందని రెండుసార్లు వేయించుకున్నాడు.

"రేపు నేనేటైనా సెయ్యాలేట్రా?" అని అడిగాడు నాన్న.

"ఏటీ వద్దు మావా. నువ్వు రోజూ ఎలాగుంటావో అలాగే ఉండు, సాలు."

మర్నాడు జీపు వచ్చింది. ఏజెన్సీ కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలైన రోజులవి. జీపు కనపడితే పోలీసులనుకుని వీధిలో తలుపులు మూసుకున్నారు. దిగింది మాత్రం సన్నగా, మర్యాదగా ఉన్న పెద్దమనిషి. టార్చిలైట్లు చూశాడు, చేతుల లెక్క చూశాడు, బాగుందన్నాడు. చివర్న బల్లకు ఆనుకుని నిలబడి అడిగాడు.

"అన్ని పాఠాలూ పూర్తిగా అర్థమై, రేపు తరగతిలో చెప్పగలం అనుకునేవాళ్ళు చేతులెత్తండి."

నాకు అన్నీ వచ్చు. కుడిచెయ్యి ఎత్తాను. ఎత్తి పక్కకు చూస్తే గది నిండా చేతులు. నూకయ్య మేష్టారిది ఎడంచెయ్యి. ఆయన పక్కాయనదీ ఎడమే. ముందు వరసలో సగం ఎడంచేతులే. నాకు మతిపోయింది. నిన్నటి దాకా దించిన చేతులు ఇవాళెలా లేచాయి?

నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీదే ఉన్నాయి. బావ వైపే చూస్తున్నాడు.

"వారెవరు?" అన్నాడు ఆఫీసరు.

"గణపతిరావుగారండి. సీనియరు మేష్టారు" అన్నాడు బావ. తర్వాత కాస్త గొంతు తగ్గించి, "వయసైపోయింది సార్. కొత్తవి పట్టుకోలేకపోతున్నారు" అన్నాడు.

ఇంకా ఏదో చెప్తాడనుకున్నాను. ఆఫీసరు తలాడించి, "ఒక్కరే కదా. మిగతా అందరూ తయారయ్యారంటే చాలా మంచి ఫలితం" అన్నాడు. బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తర్వాత అందరికీ టీలు వచ్చాయి.

బావ ఆ సాయంత్రమే బండెక్కి విజయనగరం వెళ్ళిపోయాడు. పెద్దాఫీసరు ముందు నోరు తడబడుంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మనసు అలాంటిది, ఇష్టమైనవాడి మీద తప్పు పెట్టడానికి ముందు వంద దారులు వెతుకుతుంది.

బళ్ళు తెరిచిన రోజున హెడ్మాస్టరు నాన్ననూ నన్నూ కలిపి పిలిచారు. ఆయన మా మొహాలు చూడలేక కాగితం చూసి చదివారు. పై తరగతుల లెక్కలు ఇకనుంచి నాకు. నాన్నకు ఆరో తరగతి సోషలూ, తోటపనీ.

"మంచిదండి" అన్నాడు నాన్న.

బయట వరండాలో నా చేతిలో సుద్దముక్కల డబ్బా పెట్టి, "సెలవుల ముందు త్రిభుజాల దగ్గర ఆపాను. సర్వసమానం కొందరికి సరిగ్గా రాలేదు. అక్కణ్ణుంచి ఎత్తుకో" అన్నాడు. ఆయన ఆగలేదు, తోట వైపు వెళ్ళిపోయాడు. ఆ రోజు త్రిభుజాలు చెప్తూ కిటికీలోంచి చూస్తే, నాన్న పంచె ఎగ్గట్టుకుని చిన్నపిల్లలకు వంగ మడికి బోదె ఎలా తియ్యాలో చూపిస్తున్నాడు. నేను బోర్డు వైపు తిరిగి గీసిన గీతే మళ్ళీ గీశాను. పిల్లలందరూ కిటికీ వైపే చూస్తున్నారు. వాళ్ళకూ తెలుసు అది ఎవరి క్లాసో.

ఆ వారంలోనే నూకయ్య మేష్టారు ఎండు నెత్తళ్ళ మూట పట్టుకుని ఇంటికొచ్చారు. నాన్న ఊళ్ళో లేడు. మంచినీళ్ళు తాగి, ఎంతకీ లేవకుండా కూర్చున్నారు.

"మీ నాన్న అలాగెందుకు సేసారమ్మా?" అన్నారు చివరికి. "మాలాంటోళ్ళకి ముక్క రాకపోయినా సెయ్యెత్తి బతికిపోయాం. అన్నీ వచ్చినాయన దించీసుకున్నారు."

"మీరెందుకెత్తారు మేష్టారూ? బావ ఎత్తొద్దన్నాడు కదా."

ఆయన నా వైపు వింతగా చూశారు. "ముందురోజు సాయంత్రం మేం బస సేసిన బడికాడికొచ్చి మమ్మల్నందర్నీ కూకోబెట్టి సెప్పాడు కదమ్మా. రేపందరూ ఎత్తాలి, రానోళ్ళు ఎడంసెయ్యి ఎత్తండి, ఆఫీసరుకేటి తెలుస్తాది, అన్నాడు. మీకు ఇంటికాడ సెప్పే ఉంటాడనుకున్నాం."

మామిడికాయ పప్పు రెండుసార్లు వేయించుకున్న సాయంత్రం అది. రోజూ ఎలాగుంటావో అలాగే ఉండు, సాలు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళుంటారని విన్నాను గానీ, మా ఇంట్లో లెక్క నేర్చుకునే మా వాసం లాగేస్తాడని ఎలా అనుకుంటాను?

తర్వాతి ఆదివారం బావ వచ్చాడు. కొత్త ఉద్యోగం వచ్చిందట, జిల్లా అంతా తిరగాలట. విజయనగరం నుంచి మిఠాయి పొట్లం తెచ్చాడు. శ్రావణంలో ఏ రోజు బాగుందో పంతుల్ని అడిగొచ్చానన్నాడు. అమ్మ సంబరంగా వంటింట్లోకి పరిగెత్తింది. పెరట్లో బావ కాళ్ళు కడుక్కుంటుంటే నేను నీళ్ళు పోశాను.

"మేష్టర్లందర్నీ ఎడంసెయ్యి ఎత్తమన్నావట" అన్నాను.

బావ మొహం మీద నీళ్ళు కొట్టుకుని, నిదానంగా తువ్వాలుతో తుడుచుకున్నాడు. "నూకయ్య సెప్పాడేటి?"

"నాన్నకెందుకు సెప్పలేదు?"

"సెప్తే మాత్రం మావ అబద్ధం సెయ్యెత్తుతాడేటి? నీకు తెలీదా."

"ఎత్తడు. పోనీ ఆఫీసరు అడిగినప్పుడైనా ఉన్నమాట సెప్పొచ్చు కదా. ఒక్క ముక్కే మిగిలిందని, మిగతా అందరికీ తనే సెప్పాడని. ఒక్క మాట బావా."

బావ చుట్టూ చూసి, నాకు అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు మెల్లగా మొదలెట్టాడు. క్లాసులో చెప్పే గొంతే అది. "తవిటమ్మా, సేతులన్నీ లేస్తే ఆ ఆఫీసరు నమ్ముతాడేటి? వాళ్ళూ ఒకప్పుడు మేష్టర్లే. ఒక్క సెయ్యైనా దిగుండాలి. అప్పుడే మిగిలినవి నిజమనిపిస్తాయి. పరాయోణ్ణి దించితే పాపం, వాడి పొట్ట కొట్టినట్టు. మావ అలాక్కాదు, మనోడు. మనసులో పెట్టుకోడు. నేడో రేపో రిటైరయ్యే మనిషికి ఏటి పోయింది సెప్పు? ఆ క్లాసైనా పరాయోళ్ళకెల్లిందా? నీకే వచ్చింది."

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. మనోడు కాబట్టి. ఆ మాట అతను సిగ్గుపడుతూ అన్లేదు. ఎంతో ఆలోచించి అందరికీ మేలు చేసినట్టు అన్నాడు. అదే నన్ను కాల్చేసింది. లోపల్నుంచి అమ్మ అన్నానికి రమ్మని కేకేసింది. బావ వెళ్ళాడు.

నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంతకుముందు ఆ వేళప్పుడు అరుగు నిండా లెక్కలడిగే పిల్లలుండేవారు. ఇప్పుడెవరూ లేరు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. పెళ్ళి మాట ముందుకెళ్ళకముందే ఆయనకు తెలియాలి. నూకయ్య మేష్టారు అన్నదీ, బావ అన్నదీ, ఒక్క మాట దాచకుండా చెప్పేశాను.

నాన్న విన్నాడు. "తెలుసునే" అన్నాడు.

"తెలుసా?"

"తెలీకపోవడమేటే? ముప్పయ్యేళ్ళు పిల్లల సేత ఎడంసేతులు ఎత్తించినోణ్ణి. గదిలో ఎన్ని లేసాయో నాకు కనపళ్ళేదేటి?"

"మరి సూసి కూడా ఎందుకలాగుండిపోయావు నాన్నా? నీకు లెక్కలు కావాలి కదా!"

"నాకు దిగలేదు కాబట్టి ఎత్తలేదు. అదేటంత పెద్ద విషయం కాదు." కాసేపు వీధిలోకి చూశాడు. "వాడు సెప్తాడనుకున్నానే. మా మావకి అన్నీ వచ్చు, ఇదొక్కటే మిగిలిందని సెప్తాడు, ఇప్పుడు సెప్తాడు, ఇప్పుడు సెప్తాడని వాడి నోటికేసే సూసాను. జీపు ఎల్లిపోయేదాకా సూసాను."

పెళ్ళి చేసుకోమనీ అనలేదు, మానమనీ అనలేదు. భుజం మీద తువ్వాలు తీసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

నేను లేచి లోపలికి వెళ్ళాను. బావ పీట మీద కూర్చుని పప్పూ కూరా ముగించాడు. అమ్మ చారు గిన్నె పట్టుకుని, ఏ చీరలు కొనాలో చెప్తోంది.

"బోంచేసి ఎల్లు బావా" అన్నాను. "ఇంక మా ఇంటికి రాకు."

అమ్మ గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. బావ నన్ను చూశాడు, అమ్మను చూశాడు, వీధి గుమ్మం వైపు చూశాడు. అక్కడ నాన్న వీపు కనిపిస్తోంది. ఆయన వెనక్కి తిరగలేదు. నేను నవ్వుతానేమోనని బావ కాసేపు చూశాడు. తర్వాత తనే పెరుగు గిన్నె దగ్గరికి జరుపుకుని, అన్నంలో పోసుకుని, మెతుకు మిగల్చకుండా తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.